బొమ్మాసుపత్రి బెంచీ

నా భార్య ఉచ్చంగెమ్మను ముగ్గురు చంపారు. డాక్టరు పంపాపతి ఆమెకు పడని సూది రాశాడు. మందుల షాపు విరూపాక్షయ్య చీటీ చూసి మాట్లాడకుండా ఇచ్చాడు. నర్సు సిద్దక్క గుచ్చింది. కాలిలో మేకు దిగిందని పంపాపతి నర్సింగ్ హోంకు పోయిన మనిషి శవమై బయటికి వచ్చింది. ఆ సూది పడదని నాకు తెలుసు. నన్ను వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. ముగ్గురిలో ఒక్కరూ నన్ను అడగలేదు. ఒకరినొకరైనా అడగలేదు. ఎవరి తప్పూ లేదని రిపోర్టు రాసింది కోదండరామి. అప్పుడు నేనూ అతనూ ఒకే స్టేషన్లో పనిచేసేవాళ్లం. అతను ఇన్‌స్పెక్టరు అయ్యాడు. నేను యూనిఫాం విప్పేసి, తప్పిపోయిన లారీలనూ తప్పిపోయిన మనుషులనూ వెతికే పని పెట్టుకున్నాను.

ఆరేళ్ల తర్వాత ఒక గురువారం సాయంత్రం సిద్దక్కను ఎవరో గొంతు బిగించి చంపారు. శుక్రవారం పొద్దున విరూపాక్షయ్య నా గడప ముందు నిలబడ్డాడు.

నేను కూర్చోమనలేదు. అతనూ కూర్చోలేదు. సంగతి నిలబడే, తన మామూలు నత్తితో చెప్పాడు. కొడుకు దీపక్ ఫార్మసీ చదువుతున్నాడు. సిద్దక్క ఆ కాలేజీలోనే పాఠాలు చెప్పేది. హత్య చేసింది దీపకేనని కోదండరామి రాత్రే లాకప్పులో వేశాడు. సాయంత్రం కోర్టులో నిలబెడతాడు. ఆలోగా కుర్రవాడి చేత ఒప్పిస్తాడు. ఎట్లా ఒప్పిస్తాడో మా ఇద్దరికీ తెలుసు.

"బళ్లారిలో ఇంకెవురూ దొరకలేదా నీకు?"

"దొరికినారప్పా. పంపాపతి డాక్టరు పేరు వినంగానే అందురూ వెనక్కి పోయినారు. కాలేజీ ఆయప్పదే కదా ఇప్పుడు."

అది నిజమే. ఖనిజం ధర వారం వారం పెరిగిన రోజుల్లో పంపాపతి రెండు లారీలు కొన్నాడు. అవి నలభై అయ్యాయి. నర్సింగ్ హోం మూసేశాడు, కాలేజీ తెరిచాడు. పాత నర్సును అందులో టీచరుగా పెట్టుకున్నాడు.

"నా మీద కోపం నా మీదనే పెట్టుకో సుబ్బరామప్పా," అన్నాడు విరూపాక్షయ్య. "పిల్లోని మీదికి తేవద్దు."

"నీ కొడుకు కోసం రాను. సిద్దక్క చచ్చిందని నా కండ్లతో చూడల్ల. దానికొస్తా."

అతను తల ఊపాడు. అదే చాలన్నట్టు.

*

కోదండరామి సిద్దక్క గదిలోనే ఉన్నాడు. కాలేజీ పాత మేడ, పై అంతస్తు. శవం పోస్టుమార్టంకు పోయింది.

"ఏంది సుబ్బరామప్పా, లారీ ఏమన్నా తప్పిపోయి మేడెక్కిందా?"

"తప్పిపోయింది లారీ కాదులే. నువ్వు పట్టుకున్న పిల్లోడు."

అతను నవ్వాడు. నేను ఏడో తరగతి దాకానే చదివానని గుర్తు చేసి, నింపాదిగా వివరించాడు. నిన్న మూడింటి నుంచి ఐదింటి దాకా పాఠం జరిగింది. పాఠమంతా కంప్యూటర్లలోనే. దీపక్, అనూష, విక్రమ్ అనే ముగ్గురు విద్యార్థులు కింది గదిలో, సిద్దక్క ఈ గదిలో. కంప్యూటరు లోపల ఒక ఆస్పత్రి ఉంటుంది, అందులో ఒక్కొక్కరూ ఒక్కో బొమ్మను నడుపుతారు. సిద్దక్క నడిపేది నర్సు బొమ్మను. ఎవరేం చేసిందీ మెషిన్‌లో రికార్డవుతుంది. ఆ రికార్డులో నర్సు బొమ్మ ఐదింటి దాకా తిరుగుతూనే ఉంది. అంటే ఐదింటి దాకా సిద్దక్క బతికే ఉంది. ఐదయ్యాక అనూష హాస్టల్ బస్సెక్కింది. పంపాపతి కొడుకు విక్రమ్ తండ్రి లారీల యార్డుకు పోయాడు, అక్కడ ఇరవై మంది చూశారు. దీపక్ ఒక్కడే మేడెక్కాడు. తలుపు కొట్టాననీ, పలకలేదని దిగి వచ్చాననీ అంటున్నాడు. ఆరింటికి అటెండరు శవాన్ని చూశాడు.

"ఆయ్తు, అయిపాయె," అన్నాడు కోదండరామి. "ఇంకేం కావల్ల నీకు?"

నేను గది చూశాను. బల్ల, కంప్యూటరు, చక్రాల కుర్చీ. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను వైరుతోనే గొంతు బిగించారు. శవం పడి ఉన్న చోట సుద్దతో గీత గీశారు. అది కుర్చీ పక్కన లేదు. బీరువాకూ గోడకూ మధ్య సందులో ఉంది.

"కుర్చీలో కూర్చున్న మనిషిని ఎనక నుంచి బిగిస్తే కుర్చీ కాడనే పడతాది. ఆడికెట్ల పోయె?"

"దాచినాడు."

"దాచనీకె తలుపేసి పోతే చాలు. మనిషిని అంత దూరం ఈడ్చినాడంటే వానికి కుర్చీ కావల్సి వచ్చింది."

వేలిముద్రలు దేని మీద తీశారని అడిగాను. వైరు మీద. గుడ్డతో తుడిచి ఉందట.

"మౌసు మీద?"

"ఆమె మౌసు మీద ఆమె వేళ్లే ఉంటాయి. సుమ్నే, ఊరికే టైం తినొద్దు."

"ఆమెవి మాత్రమే ఉంటే నీ మాటే నిజం. దాన్ని కూడా తుడిచింటే ఆమెవీ ఉండవు, అప్పుడేమంటావో ఆలోచన చేసుకో. అందాక ఎవుర్నీ ముట్టనియ్యొద్దు."

అతను నన్ను బయటికి పొమ్మన్నాడు. గుమ్మం దాటాక వెనక్కి చూశాను. జేబులోంచి చేతిరుమాలు తీసి మౌసు మీద కప్పుతున్నాడు.

*

అనూష నర్సింగ్ చదువుతుంది. కింది గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. గదిని చెక్క పలకలతో చిన్న చిన్న అరలుగా చేశారు. అరకొక కంప్యూటరు. హెడ్‌ఫోను పెట్టుకుంటే పక్క అరలో మనిషి ఉన్నాడో లేచిపోయాడో తెలియదు.

పాఠం సంగతి అడిగాను. డాక్టరు చదువువాళ్లూ, నర్సులూ, ఫార్మసీవాళ్లూ, గని ఇంజనీర్లూ వేరు వేరు క్లాసుల్లో చదువుతారు. ఒకరి పని ఒకరికి తెలియదు, ఒకరి ముఖం ఒకరు చూడరు. తీరా ఉద్యోగంలో చేరాక ఒకే రోగి దగ్గర నిలబడాలి. అందుకని సిద్దక్క బెంగళూరు యూనివర్సిటీ నుంచి ఈ పాఠం తెప్పించింది. కంప్యూటరు లోపల ఒక గని, దాని కింద చిన్న ఆస్పత్రి. పాత్రలు మార్చి ఇస్తుంది. నిన్న అనూష డాక్టరు. దీపక్ మందులు ఇచ్చేవాడు. విక్రమ్ చదివేది మైనింగ్, అతను గని సేఫ్టీ ఆఫీసరు. పక్కవాణ్ని అడగటం, పక్కవాడు చెప్పింది వినటం నేర్పడానికే ఇదంతా. పిల్లలు దాన్ని బొమ్మాసుపత్రి అంటారు.

అడగటం సిద్దక్క నేర్పిందట. రికార్డు పెట్టమన్నాను.

తెర మీద ఎర్రటి గుట్ట. గనిలో కూలి ఆడమనిషి కాలిలో రాయి దిగింది. సేఫ్టీ ఆఫీసరు బొమ్మ ఆమెను ఆస్పత్రికి చేర్చి, తిరిగి గని దగ్గరికి పోయింది. ఆస్పత్రి ముందు వరండా. వరండాలో బెంచీ. బెంచీ మీద భుజాన తువాలు వేసుకుని ఒక మనిషి.

"అతనెవురు?"

"రోగి మొగుడు సార్. అతన్ని ఎవురూ నడపరు. మెషినే..."

"అది వద్దు. నర్సు ఉన్న చోటు మాత్రం చూపించు."

అనూష ముందుకు జరిపింది. లోపలి గది. సిద్దక్క గొంతు వినిపించింది. ఆరేళ్ల తర్వాత విన్నా గుర్తుపట్టాను.

"సార్, ఈ సూది పడదంటాండాది పేషెంటు. ఇంకొకటి రాస్తారా?"

డాక్టరు పాత్రలో అనూష గొంతు: "రాసింది వెయ్. నాకు నేర్పొద్దు."

ఆ మాట నేను ఒకసారి విన్నాను. తలుపు అవతల నుంచి, పంపాపతి నోట. ఎవరితో అన్నాడో ఆ రోజు నాకు కనపడలేదు.

"ఆ మాట నీదా?"

"లేదు సార్. సిస్టరే రాసి పెట్టినారు. డాక్టరు పాత్ర ఎవురు కట్టినా ఆ మాటతోనే మొదలుపెట్టల్ల. పోయిన వారం విక్రమ్‌ది డాక్టరు పాత్ర. నేను అననంటే అననన్నాడు. సిస్టర్ రూములోకి పోయి శానా గట్టిగా అరిచినాడు. సోమవారం బెంగళూరు నుంచి యూనివర్సిటీవాళ్లు చూడనీకె వస్తారు, తీసేయమన్నాడు. ఆమె తీసేయనన్నారు."

"పోలీసులకు చెప్తివా?"

"వాళ్లు అడగలేదు సార్."

రికార్డు నడుస్తోంది. ఆ ప్రశ్న తర్వాత నర్సు మళ్లీ మాట్లాడలేదు. కొంతసేపు స్తంభంలా నిలబడింది. తర్వాత కదిలింది, సూది తీసుకుంది, అటూ ఇటూ నడిచింది. నోరు మాత్రం విప్పలేదు. ఎందుకని అడిగాను.

"పాఠంలో అదొక భాగమనుకుంటిమి సార్. నోరెత్తని నర్సుతో మేమెట్ల పని చేస్తామో చూస్తాండారేమో అని."

"ఒకరన్నా పైకి పోయి అడగలేదా?"

"సిస్టర్‌ని ఎట్ల అడిగేది సార్? కోప్పడతారని..."

"అడగనీకె నేర్పే పాఠంలోనే."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఓదార్చలేదు. వాళ్లు కింద హెడ్‌ఫోన్లు పెట్టుకుని అణకువగా కూర్చున్నప్పుడు పైన ఆమెను చంపారు. ఒక్కరు మెట్లెక్కి ఉంటే చంపినవాడు ఆ కుర్చీలోనే దొరికేవాడు.

పాఠం చివర. రోగిని అంబులెన్సులో ఎక్కించి పెద్దాసుపత్రికి పంపుతున్నారు. నర్సు బొమ్మ వెనక తలుపు మూసింది. చెయ్యి ఎత్తి బండి వెనక రెండుసార్లు చరిచింది. బండి కదిలింది.

మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ రెండు చరుపులు. బొమ్మ చెయ్యి దానంతట అది లేవదనీ, ఒక మీట నొక్కితేనే ఆడుతుందనీ అనూష చెప్పింది. పాత పాఠాలు తీయించాను. మూడింటిలోనూ సిద్దక్క నర్సు తలుపు మూసి, గడియ సరిగా పడిందో లేదో లాగి చూసి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. చెయ్యి బండిని తాకలేదు.

ఖనిజం లారీల వెంట నేను ఆరేళ్లు తిరిగాను. లారీ వెనక నిలబడ్డ మనిషి ఒకసారి చరిస్తే ఆగు. రెండుసార్లు చరిస్తే పో. క్లీనరు మొదటి రోజు నేర్చుకునేది అదే. ఓనర్ల పిల్లలు యార్డులో ఆడుకుంటూ నేర్చుకుంటారు. ఒకసారి చేతికి వచ్చిందంటే వద్దనుకున్నా పోదు. ఆస్పత్రిలో పుట్టి పెరిగిన చెయ్యి ఆ పని చేయదు.

"సేఫ్టీ ఆఫీసరును చూపించు."

నర్సు నోరు మూతపడ్డప్పటి నుంచి చివరి దాకా సేఫ్టీ ఆఫీసరు గని ముందు రాయిలా నిలబడి ఉన్నాడు. తల కూడా తిప్పలేదు. గని మూసి కాపలా నిలబడటమే ఆ పాత్రకు మిగిలిన పని అంది అనూష. లేచి పోయినా ఎవరికీ తెలియని పాత్ర అదొక్కటే. పైన సిద్దక్క కుర్చీలో కూర్చుని నర్సును నడిపినవాడు నోరు విప్పితే గొంతు పట్టించేది.

*

విక్రమ్ వరండాలో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. తెల్ల చొక్కా, కొత్త ఫోను. నిన్న మూడు నుంచి ఐదు దాకా యాడుంటివని అడిగాను.

"మెషిన్ ముందర. రికార్డు చూసుకో."

"చూసినా. నీ బొమ్మకు శానా ఓపిక. కదలనే లేదు."

"గని మూసినాక కదిలే పని లేదు పెద్దాయనా. నీకు అర్థం కాదులే, కంప్యూటర్ది."

"అవును. నాకు లారీలే అర్థమయితాయి."

అతను నా ముఖంలోకి ఒకసారి చూసి ఫోనులోకి చూపు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం సిద్దక్క శవం వచ్చింది. కంప్లిలో ఆమె అన్న ఇంటికి పోతూ, దండ వేయడానికి అంబులెన్సును కాలేజీలో ఆపారు. స్ట్రెచర్ దింపారు. పిల్లలందరూ వరుస కట్టారు. నేను దగ్గరికి పోయి చూశాను. గొంతు చుట్టూ నల్లటి గీత. తలలో సగం తెల్లబడింది. ఆమె ముఖాన్ని ఇట్లా చూడాలని ఆరేళ్లు కోరుకున్నాను. చూశాను. ఏమీ తగ్గలేదు.

కోదండరామి పక్కకు వచ్చి నిలబడ్డాను.

"నన్నేమీ అడగొద్దు. విక్రమ్ కుడి చెయ్యి మాత్రం చూస్తాండు."

"ఏందిప్పా నీ నాటకం?"

"చూడు."

దండలు అయిపోయాయి. నలుగురు మగపిల్లలు స్ట్రెచర్ ఎత్తారు. వాళ్లలో విక్రమ్ ఒకడు. యజమాని కొడుకు కనుక ముందు నిలబడక తప్పదు. స్ట్రెచర్ లోపలికి తోశారు. తలుపు మూసింది అతనే. మిగతా ముగ్గురూ చేతులు కట్టుకుని వెనక్కి జరిగారు. డ్రైవరు అద్దంలో చూస్తున్నాడు. ఎవరూ మాట్లాడటం లేదు.

విక్రమ్ చెయ్యి లేచింది. బండి వెనక రెండుసార్లు చరిచింది.

అంబులెన్సు కదిలింది. చావు బండిని లారీలా సాగనంపాడని వరుసలో ఎవరో గొణిగారు. విక్రమ్ తన చెయ్యి తాను చూసుకోలేదు. ఆ పని చేసినట్టే అతనికి తెలియదు.

"చూసినావా?" అన్నాను.

"చూసినా. అయితే ఏంది?"

"రా. బొమ్మాసుపత్రి చూపిస్తా."

*

కోదండరామి ఆ రెండు చరుపులను తెర మీద నాలుగుసార్లు చూశాడు. పాత పాఠాల్లో సిద్దక్కనూ చూశాడు. కదలని సేఫ్టీ ఆఫీసరునూ చూశాడు. అనూష చేత పోయిన వారం గొడవ మళ్లీ చెప్పించాడు. చెమట తుడుచుకున్నాడు.

"చరుపుతో మనిషిని ఉరి తీస్తారా సుబ్బరామప్పా? ఎవుని కొడుకో తెలుసునా?"

"తెలుసు. ఎవుని తప్పూ లేదని ఇంకొక రిపోర్టు రాయి. నీ చేతికీ అలవాటే కదా."

అతను నా చొక్కా పట్టుకున్నాడు. కానిస్టేబుల్ అడ్డం రాబోయి ఆగిపోయాడు. నేను కదలలేదు. కొంతసేపటికి అతనే వదిలేశాడు. వేలిముద్రలవాణ్ని పిలిపించి పైకి పంపాడు. ఆ మనిషి దిగి వచ్చి చెప్పింది ఒక్క మాట. మౌసు మీద సిద్దక్క వేళ్లున్నాయి, వాటి మీద ఇంకొకరివీ ఉన్నాయి. వైరు తుడిచినవాడు మౌసు మరిచిపోయాడు. దీపక్ ముద్రలు రాత్రే తీశారు. అవి కావు.

విక్రమ్‌ను పిలిచి చెయ్యి చాపమన్నారు. అతను చాపలేదు. తెర మీద నర్సు బొమ్మ చెయ్యెత్తి ఆగి ఉంది. దాన్ని చూస్తూ మెల్లగా కూర్చున్నాడు.

"మా నాయన పేరు అందులో లేదు సార్," అన్నాడు. "మాట మాత్రం ఆయనదే. ఇంట్లో అమ్మకూ అదే మాట, నాకూ అదే మాట. ఆడుకునే బొమ్మల్తో కూడా అనిపిస్తాంటే... సోమవారం అందురి ముందర... తీసేయమని నిన్న ఇంకొకసారి అడగనీకె పోయినా. ఆమె నా పక్కకు తిరగనే లేదు. పాఠం అయినాక రా అనె."

బల్ల మీద కోదండరామి ఫోను మోగింది. పంపాపతి పేరు కనిపించింది. ఆగి మళ్లీ మోగింది. మూడోసారి మోగుతుండగా కోదండరామి దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

"నిన్ను నమ్మి కాదప్పా," అన్నాడు నాతో. "ఆ చెయ్యిని నా కండ్లతో నేనే చూసినా."

దీపక్‌ను వదలమని స్టేషన్‌కు కబురు పోయింది. విక్రమ్‌ను జీపెక్కించారు. నా పని అయిపోయింది. లేచాను.

"సార్," అంది అనూష. "నడిమిది మీరు చూడలేదు. పొద్దున వద్దంటిరి. ఈ పాఠం మొదలుపెట్టి ఏడాదయింది. ఎవురు ఆడినా రోగి చచ్చిపోతాండె. నిన్న ఒక్కరోజే బతికింది. అంతకు ముందు అంబులెన్సులో శవమే పోతాండె."

నేను కూర్చోలేదు, బయటికి పోనూ లేదు. ఆమె రికార్డు పెట్టింది.

డాక్టరు వెయ్యమంది. నోరెత్తని నర్సు సూది పట్టుకుని నిలబడింది. మందులిచ్చే బొమ్మ కిటికీ వదిలి వరండాలోకి వచ్చింది. బెంచీ దగ్గర గొంతుక్కూర్చుంది. దీపక్ గొంతు. ఆ గొంతులో విరూపాక్షయ్య నత్తి ఉంది.

"పెద్దాయనా, మీయామెకు ఏ సూదైనా పడదా?"

బెంచీ మీది మనిషి తలెత్తాడు. భుజం మీది తువాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "పడదు సామీ," అన్నాడు. "నన్ను ఎవురూ అడగలేదు."

దీపక్ లోపలికి పరుగెత్తాడు. ఆపమని అరిచాడు. సూది పక్కన పెట్టారు. ఇంకొక మందు ఇచ్చారు. కాసేపటికి మంచం మీది ఆడమనిషి లేచి కూర్చుని నీళ్లు అడిగింది.

మెషిన్ ఆపేయమన్నాను.

గేటు దగ్గర విరూపాక్షయ్య ఉన్నాడు. కొడుకును తీసుకుని వచ్చాడు. కుర్రవాడి పెదవి చిట్లి ఉంది, నడక సరిగా లేదు. తండ్రి నా కాళ్లకు వంగబోయాడు. నేను పక్కకు జరిగాను. అతను చేసింది చేసిందే. సిద్దక్క ఆ రోజు డాక్టరును నిజంగానే అడిగిందో, ఆరేళ్లు ఆలోచించి బొమ్మ చేత అడిగించిందో నాకు తెలియదు. తెలుసుకోదలచలేదు.

దీపక్ నా ముందుకు వచ్చాడు. "మిమ్మల్ని యాడనో చూసినట్టుంది సార్ నాకు," అన్నాడు.

భుజం మీది తువాలు తీసి చేతిలో పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఈ కేసు గురించి ఎవరు అడిగినా రెండు చరుపుల దాకా చెబుతాను. ఆ బెంచీ గురించి చెప్పాల్సిన రోజున ఎవరూ అడగలేదు. ఇక ఎవరు అడిగినా చెప్పను.